అద్దెకు తెచ్చిన పల్లెటూరు

పల్లెటూరి పిల్లలకు పల్లెటూరి పిల్లల్లా ఉండటం చేతకాదు! అది వాళ్లకు బడిలో నేర్పించాల్సిందే!

కోప్పడకండి. ఇది ఆషామాషీగా అంటున్న మాట కాదు. కోసిగి పక్కన ఒక ఊళ్లో, ఎనభైల మొదట్లో, ఒక హెడ్మాస్టరుగారు ఈ సత్యాన్ని కనిపెట్టి, నిరూపించి, శాలువా కూడా కప్పించుకున్నారు. ఊరి పేరు మాత్రం అడగకండి. చెబితే శాలువా కప్పినవాళ్లు ఇబ్బంది పడతారు. పెద్దలను ఇబ్బంది పెట్టడం మన సంస్కృతి కాదు కదా!

ఆయన పేరు హనుమంతరావు. ఆదోని మనిషి. రోజూ పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కి కోసిగిలో దిగి, స్టేషను దగ్గర పెట్టుకున్న సైకిలు మీద ఊరికి పోయేవారు. ఇంట్లో కన్నడం, ఆదోని బజారులో ఆదోని తెలుగు, బడి గడప దాటి లోపలికి పోతే మాత్రం అచ్చు పుస్తకంలోని తెలుగు. ఆయనకు మూడు భాషలూ మూడు చొక్కాల వంటివి. బడి చొక్కాకు ఇస్త్రీ ఎక్కువ.

ఏ పిల్లవాడైనా "సార్ వచ్చినాడు" అన్నాడో, బెత్తం లేచేది. "వచ్చినాడు కాదురా, వచ్చారు!" 'యాడ' అంటే ఒక దెబ్బ, 'ఎక్కడ' అనేదాకా ఇంకొన్ని. మీ ఇళ్లలో మాట్లాడేది భాష కాదు నాయనా, ఒట్టి అలవాటు అని ఓపికగా బోధపరిచేవారు. ఇదంతా కోపంతో చేసిన పని అనుకునేరు! తాను కుర్రతనంలో చదువుకోవడానికి కర్నూలు పోయి, క్లాసులో నోరు తెరవగానే నలుగురూ నవ్వితే, ఆ ఏడంతా నోరు మూసుకుని కూర్చున్న మనిషి ఆయన. తన పిల్లలకు ఆ గతి పట్టకూడదని తాపత్రయం. ప్రేమ ఉన్నచోటనే కదా బెత్తం అరిగేది!

ఫలితం ఊరికే పోలేదు. నాలుగైదు తరగతులకు వచ్చేసరికి పిల్లలు బడిలో మాట్లాడటమే మానేశారు. తప్పులు వాటంతట అవే తగ్గిపోయాయి.

ఒక్క ఈరమ్మ మాత్రం మాట్లాడేది. ఐదో తరగతి పిల్ల. నాన్న నరసప్పకు గుట్ట కింద కాస్త మెట్ట చేను, అమ్మ సిద్దమ్మ కూలికి పోతుంది. ఈరమ్మకు చదువంటే ఎంత ఇష్టమంటే, హెడ్మాస్టరుగారి తెలుగు మొత్తం మింగేసింది. నీళ్ల బిందె దించేటప్పుడు వాళ్ల అవ్వతో "దయచేసి పక్కకు తొలగండి" అనేది. పాపం ఆ ముసలామె తాయమ్మ, ఎవరో పోలీసోళ్లు వచ్చారనుకుని తొలిగేది.

ఇట్లా హాయిగా సాగుతుండగా ఎమ్మిగనూరులో టీచర్లకు శిక్షణ పెట్టారు.

హాలు నిండా టీచర్లు. పైన తిరగని ఫ్యాను. బయటి నుంచి ఉప్మా వాసన. హైదరాబాదు నుంచి వచ్చిన వక్తగారు మధ్యాహ్నం దాకా మాట్లాడారు. పిల్లవాడు బడికి ఉత్త చేతులతో రాడు. తన ఇంటి మాటను, పాటను, తిండిని, పండుగను వెంట తెచ్చుకుంటాడు. వాటిని చెప్పులతోపాటు బయట విడిచి రమ్మనే బడి బడి కాదు అన్నారు. ఎంత మంచి మాట! హాల్లో సగం మంది కునుకు తీస్తున్నారు కాబట్టి వాళ్ల వల్ల ఆ మాటకు ఏ హానీ జరగలేదు. హనుమంతరావుగారు మేల్కొని ఉన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తిరుగు బస్సులో ఆయనకు ఒకటే ఉత్సాహం. మన బడిలో ఇక సంస్కృతికి లోటు రాకూడదు! మరుసటి రోజు 'సాంస్కృతిక నేపథ్యానుగుణ బోధన' అని నల్లబల్ల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించి, ఐదో తరగతి ముందు నిలబడ్డారు.

"పిల్లలూ, మీ సంస్కృతి ఏమిటి?"

పిల్లలు నల్లబల్ల వైపు చూసి, తర్వాత బెత్తం వైపు చూశారు.

"భయపడకండి. మీ ఇళ్లలో ఉండేదే. చెప్పండి."

ఈరమ్మ లేచి చేతులు కట్టుకుంది. "మా ఇంటియందు లేదండి. నాగన్న వాళ్ల ఇంటియందు ఉండవచ్చును. వారికి ట్రంకుపెట్టె కలదు."

నాగన్న కొడుకు బిత్తరపోయి, మా పెట్టెలో కూడా లేదు సార్, బట్టలే ఉన్నాయి అని ఏడుపు మొదలుపెట్టాడు.

చూశారా! సొంత సంస్కృతి తమ దగ్గర ఉన్న సంగతి కూడా తెలియని పిల్లలు! ఇట్లాంటి వాళ్లకు బయటివాళ్లు పూనుకుని తెచ్చివ్వకపోతే ఎట్లా?

మొదట లెక్కల్లో తెచ్చారు. పుస్తకంలో ఓడలు, కొబ్బరికాయలు ఉన్నాయి. వాటిని కొట్టేసి, "వాన వెలిసిన పిదప జొన్నగిరి చేలల్లో తిమ్మన్నకు మూడు వజ్రాలు దొరికినవి, ఒకటి పోగొట్టుకున్నాడు, ఎన్ని మిగిలినవి?" అని అడిగారు. పిల్లలు ఆలోచించారు. ఆలోచించి, దొరికినోడు దొరికినాయని చెప్పడు సార్, పోగొట్టుకున్నోడు అసలే చెప్పడు, కాబట్టి ఈ లెక్క కుదరదు అన్నారు. స్థానిక పరిజ్ఞానం వల్ల లెక్కలకు నష్టం జరుగుతోందని హనుమంతరావుగారు గ్రహించి, లెక్కలను వదిలేశారు.

ఇంతలో పైనుంచి కబురు వచ్చింది. శిక్షణ ఎక్కడ బాగా అమలవుతోందో చూడటానికి ఒక పెద్ద ఆఫీసరుగారు వస్తున్నారట. ఫోటోగ్రాఫరు కూడా వస్తాడట. 'పల్లె సంస్కృతి' మీద పిల్లలతో ఒక ప్రదర్శన పెట్టాలి.

ఆయన కింద పనిచేసే టీచరు తులసీబాయి. ఆమెదీ ఆదోనే, అదే రైలు. మాట తక్కువ మనిషి. "పిల్లలకు వచ్చిందేదో పాడమందాం సార్" అంది.

పాడమన్నారు. పిల్లలు గొంతు కలిపి, కోసిగి టూరింగు టాకీసులో విన్న సినిమా పాట ఎత్తుకున్నారు. ఈలలతో సహా.

"ఇది మీ సంస్కృతి కాదు!" అన్నారు హనుమంతరావుగారు.

"మరి ఎవరిదండి?" అంది ఈరమ్మ. నిజంగానే తెలుసుకోవాలని.

పోనీ కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు పాడే పాట అడుగుదామని సిద్దమ్మను పిలిపించారు. ఆమె సిగ్గుపడుతూ రెండు చరణాలు పాడింది. మొదటి చరణంలో మొగుణ్ణి తిట్టింది, రెండో చరణంలో చేను ఆసామిని తిట్టింది. మూడో చరణంలో ఎవరి వంతు వస్తుందోనని హెడ్మాస్టరుగారు మధ్యలోనే ఆపేశారు. సంస్కృతి ఉండవచ్చు కానీ, ఆఫీసరుగారి ముందు నోరు అదుపులో ఉండాలి కదా!

అందుకని ఆయనే ఒక జానపదం రాశారు. రైల్లో, ఆదోనికి పోయేలోపల. "సుగ్గి వచ్చెనే అక్కా సుగ్గి వచ్చెనే, మన ఊరికి సిరులెన్నో మోసుకొచ్చెనే" అని పల్లవి. ఆయన ఇంటి కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. ఆ మాట ఈ ఊళ్లో కూడా ఉందని తెలిసి మురిసిపోయారు.

పాట విని పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"సార్, సుగ్గి రాదండి" అంది ఈరమ్మ. "మేమే వెళ్తాము."

నిజమే. ఆ పక్క ఊళ్లల్లో సుగ్గి అంటే వాన మొహం చాటేసిన ఏడు, మూటాముల్లె కట్టుకుని, సరిహద్దు దాటి కన్నడ దేశంలో కాలవ కింద ఎవరి పంటనో కోయడానికి పోవడం. అయితే పాటలో ప్రాస కుదిరిపోయింది. ప్రాస కుదిరాక అర్థాన్ని మార్చడం అంత తేలిక కాదు.

పాటను యాసలో పాడాలి. ఇక్కడ వచ్చింది అసలు కష్టం! "యాడికి పోతాండావు" అని ఉన్నచోట పిల్లలు "ఎక్కడికి వెళ్తున్నారు" అన్నారు. నాలుగేళ్లు దెబ్బలు తిని నేర్చుకున్న పాఠం, ఊరికే పోతుందా? హనుమంతరావుగారు బెత్తం తీశారు. "వెళ్తున్నారు ఏమిట్రా! పోతాండావు అనలేవూ? సొంత భాష మరిచిపోతారా?"

బెత్తం అదే. అరచేతులూ అవే. తప్పు ఒక్కటే అటుది ఇటు మారింది. మన విద్యావిధానంలో మార్పు రాదని అనేవాళ్లు ఈ దృశ్యం చూసి ఉండాల్సింది!

ఇక వేషాలు. ఆదోనిలో నాటకాలకు డ్రెస్సులు అద్దెకిచ్చే దేవేంద్రప్ప దగ్గరికి పోయి, పల్లెటూరి పిల్లల వేషాలు కావాలన్నారు.

"ఎవరు యాక్ట్ చేసేది సార్?"

"పల్లెటూరి పిల్లలే."

దేవేంద్రప్ప ఏదో అడగబోయి, గిరాకీ పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాడు. ఆడపిల్లలకు చెమ్కీలు కుట్టిన పరికిణీలు, మగపిల్లలకు కౌరవ సైన్యం తలపాగాలు ఇచ్చాడు. ఈరమ్మకు ఆకుపచ్చ పరికిణీ వచ్చింది. ఆ పాటకు కట్టిన డాన్సులో ముందు నిలబడేది ఆమెనే. ఆ పరికిణీ కట్టుకుని వీధిలో నడిస్తే సొంత ఊరి కుక్కలు మొరిగాయి. అయినా ఆ పిల్ల సంతోషం చెప్పనలవి కాదు.

అంతా సిద్ధమైంది. ఆఫీసరుగారు రావడమే తరువాయి. ఆయనకు జలుబు చేసింది. ప్రోగ్రాము వాయిదా పడింది.

అప్పుడు సిద్దమ్మ బడికి వచ్చింది. చంకలో పాలు మానని చిన్నోడు.

"సామీ, ఎల్లుండి పోతాండాం. పిల్లను తోడుకోని పోతాం."

"ఎక్కడికి?"

"సుగ్గికి సామీ. సిరుగుప్ప పక్క వరి కోతకొచ్చింది. ఈడ వాన రాల్యా, సేను ఎండిపాయె. ఇంట్లో గింజల్లేవు."

హనుమంతరావుగారు కుర్చీలోంచి లేచారు. "ప్రోగ్రాము పెట్టుకుని ఈరమ్మను తీసుకుపోతానంటావేమిటి సిద్దమ్మా? ముందు నిలబడేది ఆమే!"

"నేను కొడవలి పట్టుకుంటే ఈన్ని ఎత్తుకునేదెవరు సామీ?"

"ఇదంతా మీ సంస్కృతి కోసమే చేస్తున్నామమ్మా!"

"సేయండి సామీ. మేము వచ్చినాంక సేయండి. ఉగాదికి వచ్చేస్తాం."

పాఠకులారా, అమాయకత్వానికి హద్దుండొద్దూ? పల్లె సంస్కృతి ప్రదర్శనను పల్లెవాళ్లు ఊళ్లో ఉన్నప్పుడు పెట్టమంటోంది! ఆఫీసరుగారి క్యాలెండరు ఏమైపోవాలి?

సిద్దమ్మ కదల్లేదు. "ఇంగో మాట సామీ. పోయినేడు మాదన్న కొడుకు పేరు కొట్టేసినారు. వాడు సుగ్గి నుంచి వచ్చినాంక మల్ల అదే క్లాసులో కూసోమన్నారు. వాడు ఇంగ బడి మొగం సూడల్యా. మా పిల్లకు సదువు మీద పానం. దాని పేరు కొట్టేయొద్దు."

హనుమంతరావుగారికి దారి దొరికింది. "ఈరమ్మను అవ్వ దగ్గర వదిలిపెట్టు. ప్రోగ్రాము కాగానే పంపిస్తా. పేరు సంగతి నాది. మాట ఇస్తున్నా."

సిద్దమ్మ చాలాసేపు కూతురి మొహం చూసింది. కూతురు ఆకుపచ్చ పరికిణీ తలుచుకుంటూ నేల చూస్తోంది. "సరే సామీ" అని, చిన్నోణ్ణి రెండో చంకకు మార్చుకుని వెళ్లిపోయింది.

ఆఫీసరుగారి జలుబు తగ్గింది. తగ్గగానే ఎవరో మంత్రిగారి పర్యటన వచ్చింది. ప్రోగ్రాము మళ్లీ వాయిదా. ఈలోపల ఊరు ఖాళీ అవుతూ వచ్చింది. ఒక్కో గుడిసె తలుపుకు ముళ్లకంప అడ్డం పెట్టి, ఒక్కో కుటుంబం ఎద్దులబండి మీదనో, కోసిగి నుంచి రైల్లోనో వెళ్లిపోయింది. కౌరవ సైన్యం మొత్తం తలపాగాలు బడిలో పెట్టి సుగ్గికి పోయింది. డాన్సులో ఈరమ్మ ఒక్కతే మిగిలింది.

సరిగ్గా అప్పుడే ఆఫీసరుగారు వస్తున్నట్టు ఖాయమైంది!

ఇంకొకరైతే చేతులెత్తేసేవారు. హనుమంతరావుగారు ఆదోని పోయి, తెలిసినవాళ్ల కాళ్లావేళ్లా పడి, ఇంగ్లీషు మీడియం పిల్లలను అరువు తెచ్చారు. బదిలీల మీద కోస్తా నుంచి వచ్చిన డాక్టర్ల పిల్లలు, బ్యాంకువాళ్ల పిల్లలు. పల్లెటూరి పిల్లలు లేని లోటును పట్నం పిల్లలు తీర్చకపోతే ఇంకెవరు తీరుస్తారు?

ఒక పిల్ల జొన్నరొట్టెను చూసి 'బ్రౌన్ చపాతీ' అంది. ఇంకో పిల్లవాడు 'పోతాండావు' అనడానికి నాలుక తిరగక 'పోతాన్ డావు' అని మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. ఆకుపచ్చ పరికిణీ డాక్టరుగారి అమ్మాయికి అతికినట్టు సరిపోయింది. ముందు నిలబడటం కూడా ఆమెకే సరిపోయింది.

"నువ్వు స్వాగతం చెబుదువులే ఈరమ్మా. నీ భాష బాగుంటుంది" అన్నారు హనుమంతరావుగారు. ఆ మాట అనేటప్పుడు ఆ పిల్ల వైపు చూడలేదు.

"అలాగేనండి" అంది ఈరమ్మ.

తులసీబాయి గంట కొట్టే కొయ్య తీసుకుని బయటికి పోయింది. కొట్టాల్సిన వేళ కాకపోయినా గట్టిగా కొట్టింది.

ఆ రోజు రానే వచ్చింది. జీపు దిగిన ఆఫీసరుగారికి పూలమాల వేసి, ఈరమ్మ తన పాత పావడాలోనే నిలబడి స్వాగతం చెప్పింది. "మాన్యులగు అతిథులకు మా గ్రామము తరఫున హృదయపూర్వక సుస్వాగతము" అని మొదలుపెట్టి, ఒక్క అక్షరం తడబడకుండా ముగించింది.

ఆఫీసరుగారి నుదురు ముడిపడింది. "మీ అమ్మానాన్న ఏం చేస్తారు పాపా?"

"మా తల్లిదండ్రులు జీవనోపాధి నిమిత్తము వలస వెళ్లియున్నారండి."

ఆయన హనుమంతరావుగారి చెవిలో గొణిగారు. "ఈ అమ్మాయిని టౌను నుంచి తెచ్చారా? మాటలో సహజత్వం లేదండీ. మనకు ఇట్లాంటి వాళ్లు వద్దు. అసలు సిసలు పల్లె పిల్లలను చూపించండి."

అప్పుడు పరదా లేచింది. చెమ్కీలు తళుక్కుమన్నాయి. డాక్టరుగారి అమ్మాయి కాగితం కొడవలి తిప్పుతూ, చంకలో ప్లాస్టిక్ బొమ్మతో, "సుగ్గి వచ్చెనే అక్కా" అని ఎగిరింది. ఆఫీసరుగారు కుర్చీలో ముందుకు జరిగారు. "ఇది! ఇది కదా మట్టివాసన!"

ఆ సమయానికి బడి ఆవరణలోకి సిద్దమ్మ వచ్చింది. కోసిగిలో రైలు దిగి నడిచి వచ్చింది. జుట్టు నిండా వరి పొట్టు. చంకలో చిన్నోడు, కాలికి ఏదో గుడ్డ కట్టు. ఎత్తుకునేవాళ్లు లేక గట్టు మీద పడుకోబెడితే, దొర్లి వరి కోసిన కొయ్యకాళ్ల మోళ్ల మీద పడ్డాడట. ఆమె కూతురి కోసం వెతుకుతూ, వేదిక మీద గంతులేస్తున్న ఆకుపచ్చ పరికిణీని చూసి, పక్కనున్న తులసీబాయిని అడిగింది.

"ఎవరి పెండ్లి టీచరమ్మా ఇది?"

తులసీబాయి జవాబు చెప్పేలోపల ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. "సార్, ఆ ఆడమనిషి అడ్డం వస్తోంది. ఫోటోలో పడుతోంది."

"కాస్త పక్కకు జరుగమ్మా" అన్నారు ఆఫీసరుగారు, మర్యాదగానే. "ఇక్కడ పల్లె సంస్కృతి ప్రోగ్రాము జరుగుతోంది."

సిద్దమ్మ పక్కకు జరిగింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

శాలువా కప్పడం అయింది. ఆఫీసరుగారు హాజరుపట్టీ తెప్పించుకుని తిరగేశారు. "ఇంతమంది రావడం లేదేమిటి?"

"సుగ్గికి పోయారండి. కోతలకు, కాలవ కిందికి. స్వాగతం చెప్పిన ఈరమ్మ కూడా ఈ ఊరి పిల్లేనండి, ఇవాళ వాళ్లమ్మతో పోతోంది."

"సుగ్గి! ఆహా, ఎంత చక్కటి మాట! సరిహద్దు పరిమళం!" ఆయన ఆ మాటను డైరీలో రాసుకున్నారు. రాసుకుని, పెన్ను మూత పెట్టకుండానే అన్నారు: "వీళ్ల పేర్లన్నీ తీసేయండి. రూలు ప్రకారం ఇన్ని రోజులు రానివాళ్లు లెక్కలో ఉండకూడదు. ఈ అమ్మాయి కూడా వెళ్లిపోతుందంటున్నారుగా? గడువు చూసి ఈమెదీ తీసేయండి."

హనుమంతరావుగారు భుజాన శాలువాతో నిలబడ్డారు. ఎదురుగా గోడ పక్కన సిద్దమ్మ, ఆమె కొంగు పట్టుకుని ఈరమ్మ. ఇద్దరూ ఆయననే చూస్తున్నారు. ఆయన నోరు తెరిచారు. బడి తెలుగు రాలేదు.

"అట్లంటే ఎట్ల సార్? వాళ్లు యాడికీ పోల్యా, మల్ల వస్తారు! ఉగాదికి వచ్చేస్తారు. తినేకి లేక పోయినారు గాని సదువొద్దని కాదు. పేర్లు తీసేస్తే ఆ పిల్లలు యాడికి పోవల్ల సార్? నేను మాటిచ్చినా!"

ఆ ఊపులో శాలువా భుజం మీది నుంచి జారింది.

ఆఫీసరుగారు చప్పట్లు కొట్టారు. "భేష్! భేష్ హనుమంతరావుగారూ! మీరు కూడా యాస ఎంత బాగా పట్టేశారండీ! ఆ ఆవేదన, ఆ విరుపు! అచ్చం వాళ్లలాగే ఉంది!"

ఆయన కొట్టాక మిగతావాళ్లూ కొట్టారు. ఆదోని పిల్లలూ కొట్టారు. హనుమంతరావుగారు ఏం చేయాలో తెలియక, చేతులు జోడించారు.

సిద్దమ్మ ఈరమ్మను తీసుకుని ఆ మధ్యాహ్నమే బయలుదేరింది. పోతూ పోతూ గేటు దగ్గర అడిగింది. "పేరు ఉంటాది కదా సామీ?"

"ఉంటాది పో" అన్నారాయన.

ఉండలేదు. మిగతా పేర్లు మరుసటి రోజే కొట్టేశారు. ఈరమ్మ పేరు దగ్గర పెన్ను ఆగింది. గడువు తీరేదాకా ఆగి, తీరిన రోజు దాన్నీ కొట్టేశారు. "మాట ఇచ్చినారు కదా సార్" అంది తులసీబాయి. "రూలమ్మా" అన్నారాయన. రూలు అన్నాక ఇక మనిషి బాధ్యత ఏముంటుంది? ఎంత సుఖమో చూడండి!

ఉగాదికి జనం తిరిగొచ్చారు. ముళ్లకంపలు తీసి, ఇళ్లు అలికి, పిల్లలకు తలంట్లు పోశారు. సిద్దమ్మ కూతురిని వెంటబెట్టుకుని బడికి వచ్చింది. ఈరమ్మ తల నున్నగా దువ్వి ఉంది. చేతిలో పలక.

"పేరు ఉందా సామీ?"

హనుమంతరావుగారు అబద్ధం ఆడదామనుకున్నారు. "లేదమ్మా" అన్నారు.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. పాటలో మొగుణ్ణీ, ఆసామినీ తిట్టిన మనిషి, ఈయన్ని ఒక్క మాట అనలేదు. "సరేలే సామీ" అని కూతురి చేయి పట్టుకుని వెనక్కి తిరిగింది. ఈరమ్మ మాత్రం రెండు సార్లు తిరిగి చూసింది.

ఆ సాయంత్రం రైలు ఆదోని చేరినా ఆయన దిగడం మరిచిపోతే, తులసీబాయి లేపి దించింది.

పరీక్షలు అయిపోయాయి. వేసవి సెలవులు ఇచ్చారు. సెలవుల మొదటి రోజున హనుమంతరావుగారు తెల్లవారకముందే లేచి చొక్కా తొడుక్కుంటుంటే, భార్య సరస్వతీబాయి నిద్ర కళ్లతో చూసింది. "ఈ బిసిలల్లి ఎల్లిగె?" అంది. ఈ ఎండలో ఎక్కడికని.

"బడికి" అన్నారాయన.

బడి తలుపులు తీశారు. సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, సుగ్గి నుంచి వచ్చిన పిల్లలను పిలిచారు. మొదట ఎవరూ నమ్మలేదు. మళ్లీ ఏ వేషం కట్టించడానికోనని భయపడ్డారు. ఈరమ్మ వచ్చింది, చంకలో తమ్ముడితో. ఆమెను చూసి మిగతావాళ్లు వచ్చారు. బడి మొహం చూడనన్న మాదన్న కొడుకు కూడా వచ్చి, వాకిట్లో చాలాసేపు నిలబడి, చివరికి లోపల కూర్చున్నాడు.

ఎండ మండేలోపల పాఠాలు. పోగొట్టుకున్న నెలల పాఠాలన్నీ. ఈరమ్మ లెక్క చేస్తుంటే తమ్ముడు హెడ్మాస్టరుగారి కాళ్ల మధ్య పాకేవాడు. వాడి కాలి మీద మచ్చ కనిపించినప్పుడల్లా ఆయన పాఠం మధ్యలో కాస్త ఆగేవారు. వారం తిరిగేసరికి తులసీబాయి కూడా వచ్చేసింది. ఎవరూ పిలవలేదు.

"సార్, 'వచ్చినాడు' అంటాండారు మీరు" అంది ఒకరోజు.

"అన్నానా?"

"పొద్దున్నుంచి అంటాండారు."

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయనా నవ్వారు. ఈరమ్మ మాత్రం పెద్దదానిలా సర్దిచెప్పింది: "పోనీలే సార్. పరీక్షలో వచ్చారు అని రాస్తాం, ఈడ వచ్చినాడు అంటాం. రెండూ వస్తాయి కదా మాకు!"

సెలవులు ముగిసేలోపల ఆయనే పరీక్ష పెట్టారు. పాసైనవాళ్ల పేర్లు మళ్లీ రాసి, ఐదు చదివినవాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చి, కోసిగి హైస్కూలుకు స్వయంగా తీసుకుపోయి చేర్పించారు. ఈరమ్మ ఆరో తరగతిలో చేరింది.

ఇంత అరాచకం జరిగితే పైవాళ్లు చూస్తూ ఊరుకుంటారా? ఊరుకోలేదు. నోటీసు వచ్చింది. సెలవుల్లో అనుమతి లేకుండా బడి తెరిచినందుకు, ఆఫీసరుగారి ఆజ్ఞతో కొట్టేసిన పేర్లు మళ్లీ రాసినందుకు, తరగతి గదిలో పసిపిల్లవాణ్ణి పాకనిచ్చినందుకు సంజాయిషీ చెప్పాలి! ఎందుకు చేశారు?

హనుమంతరావుగారు ఒక్క వాక్యం రాశారట: "పిల్లలు ఊళ్లో ఉండింది అప్పుడే."

ఇదా జవాబు? ఇదా పై అధికారులతో మాట్లాడే తీరు? శాలువా కప్పిన చేత్తోనే ఆయన్ను గోనెగండ్ల అవతల, రైలూ బస్సూ లేని ఊరికి బదిలీ చేశారు. చాలా మంచిపని. ఇట్లాంటి వాళ్లు ఊరికొకరు తయారైతే దేశం ఏమైపోతుంది? పిల్లలు ఉన్నప్పుడు బడి తెరిచి, లేనప్పుడు మూసేస్తూ పోతే, చదువు పిల్లల కోసమేనన్న అపోహ జనంలో పుట్టదూ?

ఆ బడి ఇప్పుడు దారిలో పడింది. వాన రాని ఏడు కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా తలుపులు తెరిచే ఉంటాయి. గోడకు ఆ ఫోటో పటం కట్టి ఉంటుంది. కొత్త హెడ్మాస్టరుగారు వేళకు వచ్చి గంట కొట్టిస్తారు. పిల్లలు మాత్రం ఉండరు. ఎండాకాలానికి పిల్లలు వచ్చేస్తారు. అప్పుడు తలుపుకు తాళం ఉంటుంది. బడీ పిల్లలూ ఒకరినొకరు ఎంతగా గౌరవించుకుంటున్నారంటే, పాపం, ఎదురుపడటానికి కూడా మొహమాటపడుతున్నారు!